పడవకు బ్రేకు లేదు: గేరు, థ్రాటిల్ లీవర్ ఎంచుకునే ముందు తెలుసుకోవాల్సినవి

పుదుచ్చేరి అనగానే తెలుగువారికి ముందు గుర్తొచ్చేది యానాం. అదే కేంద్రపాలిత ప్రాంతానికి రాజధాని అయిన పుదుచ్చేరి పట్టణంలో, కడలూరు వెళ్లే రోడ్డు మీద మురుంగపాక్కం ఉంది. హస్తకళల గ్రామం ఉన్నది ఇక్కడే. ఊరిని ఆనుకుని అరియాంకుప్పం నది పారుతుంది. జింజీ నది అని కూడా పిలిచే శంకరాపరణి సముద్రంలో కలిసే ముందు రెండు పాయలుగా చీలుతుంది. ఉత్తరపు పాయ ఈ అరియాంకుప్పం నది, దక్షిణపు పాయ చున్నాంబార్. రోమన్ వర్తకులతో వ్యాపారం సాగిన అరికమేడు ఈ నది ఒడ్డునే ఉంది. 1945లో మార్టిమర్ వీలర్ తవ్వకాలతో ఆ రేవు ప్రపంచానికి తెలిసింది.

ఇప్పుడు ఈ నీటిలో తిరిగేవి చేపల పడవలు, మడ చెట్ల మధ్య షికారుకు తీసుకెళ్లే చిన్న బోట్లు. నీరు లోతు తక్కువ, అడుగున బురద. పోటుకు నీరు లోపలికి వస్తుంది, పాటుకు వెనక్కు పోతుంది. కాకినాడ దగ్గర కోరింగ మడ అడవుల్లో బోటెక్కినవారికి ఈ దృశ్యం కొత్తది కాదు. ఇలాంటి చోట పడవ వేగంగా పరుగెత్తే సమయం చాలా తక్కువ. నెమ్మదిగా వెళ్లడం, ఆగడం, వెనక్కు రావడం, మళ్లీ కొంచెం ముందుకు జరగడం... రోజంతా ఇదే పని.

ఈ పని మొత్తం ఒక లీవర్ మీద జరుగుతుంది. కారుకు బ్రేకు, క్లచ్చు, ఎక్సలేటర్ మూడూ వేర్వేరుగా ఉంటాయి. పడవకు బ్రేకే లేదు. ముందుకు పోతున్న పడవను ఆపాలంటే ఇంజన్ తగ్గించి, న్యూట్రల్‌కు వచ్చి, రివర్స్ వేసి, మళ్లీ కొంచెం ఇంజన్ పెంచాలి. రేవుకు పది అడుగుల దూరంలో రివర్స్ పడకపోతే ఆ పడవ ఆగేది రేవును గుద్దిన తర్వాతే. పైగా న్యూట్రల్‌లో ఉన్న పడవకు చుక్కాని కూడా సరిగా పనిచేయదు. చుక్కాని మీదుగా నీరు పారితేనే పడవ తిరుగుతుంది. ఔట్‌బోర్డ్ మోటారులో అయితే ప్రొపెల్లర్ ఎటు తోస్తే పడవ అటు తిరుగుతుంది, తోపు లేకపోతే తిరగడమూ లేదు. గేరు పడని పడవ ప్రవాహం ఎటు తీసుకెళ్తే అటు పోతుంది.

అందుకే కొత్త పడవ కట్టించుకునేవారు, పాత పడవకు స్టీరింగు, కంట్రోలు పెట్టించుకునేవారు ఇంజన్ హార్స్‌పవర్ గురించి ఎంత ఆలోచిస్తారో లీవర్ గురించి కూడా అంత ఆలోచించాలి. సాధారణంగా జరిగేది వేరు. ఇంజన్ కొన్న చోట ఏది ఇస్తే అది బిగించేస్తారు.

గంట కొట్టే రోజుల నుంచి

ఒకప్పుడు మర పడవను నడపడం ఇద్దరి పని. చుక్కాని పట్టుకునే సరంగు ముందు ఉండేవాడు. ఇంజన్ దగ్గర డ్రైవరు ఉండేవాడు. వేగం పెంచాలన్నా, ఆపాలన్నా, వెనక్కు నడపాలన్నా సరంగు తాడు లాగి గంట కొడితే డ్రైవరు ఆ సైగను బట్టి గేరు మార్చేవాడు. కేరళ జలరవాణా శాఖ ప్రయాణికుల బోట్లలో ఈ పద్ధతిని ఇటీవలి కాలంలోనూ చూడొచ్చు. అక్కడ సరంగును 'స్రాంక్' అంటారు. 1917 నాటి అంతర్దేశీయ నౌకల చట్టం కూడా సరంగుకు, ఇంజన్ డ్రైవరుకు వేర్వేరు యోగ్యతా పత్రాలు ఏర్పాటు చేసింది. అంటే గేరు మార్చడం ఒక ప్రత్యేక ఉద్యోగం.

చుక్కాని దగ్గర నుంచే ఇంజన్‌ను నడిపే కేబుల్ కంట్రోళ్లు వచ్చాక చిన్న పడవల్లో రెండో మనిషి అవసరం తీరింది. సరంగు చేతికీ గేరుబాక్సుకూ మధ్య గంట, మనిషి, చెవి ఉండే చోట ఇప్పుడు ఒక ఉక్కు తీగ ఉంది. డ్రైవరు పొరబడితే సరంగు కేక వేసి సరిచేసేవాడు. తీగ పొరబడితే అడిగేవారు లేరు. ఈ మార్పులో లాభం ఎంత ఉందో, జాగ్రత్త పడాల్సిన చోటు కూడా అంతే ఉంది.

ముందు ఇంజన్ ఏదో తేలాలి

లీవర్ ఎంపిక ఇంజన్‌తో మొదలవుతుంది. సునామీ తర్వాత తమిళనాడు, పుదుచ్చేరి తీరంలో బాగా పెరిగిన ఫైబర్ పడవల్లో చాలావాటికి పొడవాటి షాఫ్టు ఉన్న లాంగ్‌టెయిల్ ఇంజన్లు ఉంటాయి. వీటిలో ఎక్కువ భాగం నేరుగా తిరిగే రకం. గేరు ఉండదు, న్యూట్రల్ ఉండదు. ఆగాలంటే షాఫ్టును నీటిలోంచి పైకి ఎత్తడమే. ఇలాంటి ఇంజన్‌కు థ్రాటిల్ ఒక్కటే కంట్రోలు. దానికి ఎంత మంచి లీవర్ పెట్టినా రివర్స్ రాదు. ఒడ్డు మీది నుంచి వల వేయడానికి వెళ్లే పడవకు ఇది సరిపోవచ్చు. ప్రయాణికులను ఎక్కించుకుని రేవులో ఆగే పడవకు ఇది తగినది కాదు.

చిన్న ఔట్‌బోర్డ్ మోటార్లకు టిల్లర్ ఉంటుంది. పిడిని మెలితిప్పితే ఇంజన్ పెరుగుతుంది, గేరు మార్చే చిన్న లీవర్ మోటారు మీదే ఉంటుంది. దీనిని తక్కువగా చూడాల్సిన పనిలేదు. మధ్యలో కేబుల్ లేదు కాబట్టి తెగేదీ లేదు. అయిదారుగురు ఎక్కే పడవకు, వెనుక కూర్చుని నడిపేవారికి ముందు దారి కనిపిస్తున్నంత కాలం టిల్లరే హాయి. పడవ పెద్దదై, ముందు వరుసల్లో జనం కూర్చుని, నడిపేవారికి నీరు కనిపించకుండా పోయినప్పుడు మాత్రం స్టీరింగును ముందుకు తేవాలి. రిమోట్ కంట్రోలు అవసరం అక్కడ పుడుతుంది.

మూడోది ఇన్‌బోర్డ్ డీజిల్. ఇంజన్ పడవ లోపల ఉంటుంది, దానికి విడిగా గేరుబాక్సు ఉంటుంది. చేపల మర బోట్లు, పెద్ద లాంచీలు ఈ రకం. వీటిలో గేరుబాక్సు మీది చేయి ఎంత దూరం కదలాలో తయారీదారు స్పష్టంగా చెబుతాడు. ఆ దూరం పూర్తిగా కదలకపోతే గేరు పడినట్టే అనిపిస్తుంది కానీ లోపల క్లచ్చు ప్లేట్లు జారుతూ కాలుతుంటాయి. 'గేరుబాక్సు పాడైంది' అని విప్పిన చోట అసలు తప్పు సరిగా అమర్చని లీవర్‌ది, కేబుల్‌ది కావడానికి ఆస్కారం బాగా ఉంది.

ఒక లీవరా, రెండా?

మార్కెట్లో కనిపించే మెకానికల్ కంట్రోళ్లు రెండు రకాలు. మొదటి దాంట్లో ఒకే లీవర్ గేరునూ థ్రాటిల్‌నూ చూసుకుంటుంది. నిటారుగా ఉంటే న్యూట్రల్. ముందుకు తోస్తే మొదట గేరు పడుతుంది. మోడల్‌ను బట్టి సుమారు 30 డిగ్రీల వరకు ఇంజన్ ఐడిల్‌లోనే ఉంటుంది. అది దాటాక తోసే కొద్దీ వేగం పెరుగుతుంది. వెనక్కు లాగితే రివర్స్‌లోనూ ఇదే వరుస. అంటే ఇంజన్ గట్టిగా తిరుగుతుండగా గేరు మార్చడం ఈ లీవర్‌తో మామూలుగా కుదరదు. గేరు పడేది ఎప్పుడూ ఐడిల్ దగ్గరే.

రెండో దాంట్లో గేరుకు ఒకటి, థ్రాటిల్‌కు ఒకటి వేర్వేరు లీవర్లు. ఆనవాయితీగా థ్రాటిల్ పిడి ఎరుపు, గేరు పిడి నలుపు. ఇంజన్‌ను న్యూట్రల్‌లోనే పెంచి పంపునో, వించినో తిప్పుకోవాల్సిన చేపల బోట్లలో ఇది సౌకర్యం. దీనికి అలవాటు పడిన పాత సరంగులు ఒక లీవర్‌ను నమ్మరు. వారి మాటలో కొంత నిజం ఉంది. రెండు లీవర్లుంటే గేరు పడిందా లేదా అన్నది చేతికి స్పష్టంగా తెలుస్తుంది. కానీ కంగారులో థ్రాటిల్ తగ్గించకుండా రివర్స్ లాగే వీలు కూడా అందులోనే ఉంది. ఔట్‌బోర్డ్‌లో గేరు పడేది పళ్లు పళ్లతో కలిసే డాగ్ క్లచ్చు ద్వారా. ఇంజన్ పెరిగి ఉండగా దాన్ని మారిస్తే ఆ పళ్లు విరుగుతాయి.

మురుంగపాక్కం వంటి చోట, ఒక ఇంజన్‌తో జనాన్ని తిప్పే పడవకు ఒకే లీవర్ మేలు. రేవు దగ్గర నడిపేవారి ఒక చెయ్యి స్టీరింగు మీద, కళ్లు తాడు విసిరే కుర్రాడి మీద, చెవులు ప్రయాణికుల మీద ఉంటాయి. మిగిలింది ఒక్క చెయ్యి. అది రెండు పిడులను వెతుక్కునే పరిస్థితి ఉండకూడదు. రెండు ఇంజన్లున్న పడవలో ఈ తేడా ఇంకా పెరుగుతుంది. రెండు లీవర్ల పద్ధతిలో పోతే నాలుగు పిడులవుతాయి.

ఒక లీవర్ కంట్రోళ్లలో ఒక చిన్న మీట ఉంటుంది. చల్లబడిన ఇంజన్‌ను గేరు పడకుండా కాస్త పెంచి వేడెక్కించడానికి అది పనికొస్తుంది. కొన్నిట్లో లీవర్ మొదట్లో బటన్ నొక్కాలి, కొన్నిట్లో లీవర్‌నే పక్కకు లాగాలి. ఈ మీట సంగతి పడవ నడిపే ప్రతి ఒక్కరికీ తెలిసి ఉండాలి. తెలియనివారు అనుకోకుండా దాన్ని నొక్కి లీవర్ తోస్తే ఇంజన్ మోగుతుంది, పడవ కదలదు. అదే రేవులో రివర్స్ వేయాల్సిన క్షణంలో జరిగితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. లీవర్ నిటారుకు రాగానే మీట దానంతట అది యథాస్థితికి వస్తుందా లేదా అన్నది కొనేటప్పుడే చూసుకోవాలి.

అసలు సంగతి కేబుల్‌లో ఉంది

దుకాణంలో అందరి కళ్లూ మెరిసే స్టీలు లీవర్ మీద ఉంటాయి. నిజానికి పడవలో చెడిపోయేది ఎక్కువగా కంటికి కనిపించని కేబుల్.

సైకిలు బ్రేకు వైరు, మోటారు సైకిలు క్లచ్చు వైరు లాగడానికే పనికొస్తాయి. వెనక్కు తెచ్చేది అవతల ఉన్న స్ప్రింగు. పడవ కంట్రోలు కేబుల్ లాగాలి, తోయాలి కూడా. లీవర్ ముందుకు కదిలితే ఫార్వర్డ్, వెనక్కు కదిలితే రివర్స్. రెండు వైపులా అదే బలం కావాలి. అందుకే లోపలి తీగ మందంగా, బయటి తొడుగు బిగుతుగా ఉంటుంది. ఇలాంటి కేబుల్‌ను మడిస్తే తోసే బలం వంపులోనే పోతుంది. సాధారణ రకానికి వంపు వ్యాసార్ధం ఎనిమిది అంగుళాలకు తగ్గకూడదని చెబుతారు. చుట్టుగా చూస్తే అన్నం తినే కంచం కంటే బాగా పెద్దది. మరింత వంగే ఖరీదైన రకాలు ఉన్నాయి. పాత పడవలో ఇరుకు సందుల్లోంచి కేబుల్ లాగాల్సి వస్తే ఆ అదనపు ఖర్చు పెట్టడమే మంచిది. ఎన్ని వంపులుంటే అంత రాపిడి, అంత 'ఆడు' కూడా. పిడి కదులుతుంది, అవతలి కొన కదలదు. అలా కదలని ఆ కొద్ది దూరమే గేరు సగం పడటానికి దారితీస్తుంది.

పొడవు కొలిచేటప్పుడు తాడుతో కొలవడం మంచి పద్ధతి. లీవర్ పెట్టబోయే చోటు నుంచి, కేబుల్ నిజంగా వెళ్లే దారి వెంట, పడవ పక్క గోడ మీదుగా వెనుక వరకు, అక్కడి నుంచి ఇంజన్ మధ్యకు కొలవాలి. ఔట్‌బోర్డ్ అయితే మోటారు అటూ ఇటూ తిరగాలి, బురదలో పైకి లేవాలి. ఆ కదలికకు కావాల్సిన వదులును తయారీదారు చెప్పిన మేరకు కలపాలి. వచ్చిన లెక్కను పై అడుగుకు సవరించుకుని కొనాలి. పొట్టి కేబుల్‌ను సాగదీసి బిగిస్తే మోటారు పూర్తిగా తిప్పినప్పుడు గేరు తనంతట తానే జారే ప్రమాదం ఉంది. మరీ పొడవైతే ఆ మిగులును చుట్టలుగా కుక్కేస్తారు. మళ్లీ వంపులే.

కేబుళ్ల చివరలు అన్నీ ఒకటి కావు. యమహా, సుజుకి వంటి జపాన్ మోటార్లకు '33సి' అనే సార్వత్రిక రకం సరిపోతుంది. మెర్క్యురీ తన సొంత తరహా కొనలు వాడుతుంది. జాన్సన్, ఎవిన్‌రూడ్ మోటార్లదీ వేరే దారి. ఎవిన్‌రూడ్ తయారీ 2020లో ఆగిపోయింది కాబట్టి అలాంటి పాత మోటారు కొనేవారు ఈ విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయో ముందే విచారించుకోవాలి. ఇన్‌బోర్డ్ డీజిళ్లలో గేరుబాక్సు చేయి బరువుగా ఉంటే మరింత మందమైన '43సి' రకం వాడతారు. కేబుల్ కొన కదిలే దూరం మామూలుగా మూడు అంగుళాల దగ్గర ఉంటుంది. ఇంజన్ చేయి కదలాల్సిన దూరం దానితో సరిపోవాలి.

ఇంకో చిక్కు చాలామంది కొన్నాక గాని గమనించరు. కొన్ని ఇంజన్లకు కేబుల్ లాగితే థ్రాటిల్ తెరుచుకుంటుంది, కొన్నిటికి తోస్తే. ఒక కంపెనీ లీవర్‌ను ఇంకో కంపెనీ ఇంజన్‌కు కలిపేటప్పుడు ఈ దిశ కలవాలి. మంచి సార్వత్రిక కంట్రోళ్లలో లోపలి పిన్ను చోటు మార్చి ఈ దిశను సరిచేసుకోవచ్చు. గేరు విషయంలోనూ అంతే. దిశ తిరగబడితే ముందుకు తోసినప్పుడు పడవ వెనక్కు వస్తుంది. నవ్వుకోవడానికి బాగున్నా, రేవులో జరిగితే నవ్వే విషయం కాదు.

ఉప్పు నీటిలో కేబుల్‌కు చావు కొనల నుంచి వస్తుంది. ఇంజన్ వైపు కొనలో తేమ దూరి తీగ తుప్పు పడుతుంది. తుప్పు పెరిగి తొడుగు ఉబ్బుతుంది, పగులుతుంది. లీవర్ రోజురోజుకూ బిగుస్తుంది. నడిపేవారి చెయ్యి కూడా దానితో పాటే అలవాటు పడిపోతుంది కాబట్టి తేడా తెలియదు. వేరేవారు వచ్చి పట్టుకున్నప్పుడే 'ఇంత గట్టిగా ఉందేమిటి' అంటారు. ఇలా బిగిసిన కేబుల్‌లో నూనె పోసి నడిపించేవారున్నారు. మూసి ఉన్న ఈ కేబుళ్లకు అది మందు కాదు. మార్చేయాలి. ఒకటి మార్చేటప్పుడు రెండోదాని వయసు కూడా అంతే కాబట్టి రెండూ కలిపి మార్చడం తెలివైన పని. మడ అడవుల్లో తిరిగే పడవలో థ్రాటిల్ కేబుల్ కంటే గేరు కేబుల్‌కు పని ఎక్కువ. ఐడిల్‌లో గేరు వేసినా పడవ మరీ వేగంగా పోతోందనిపించి నడిపేవారు మాటిమాటికీ న్యూట్రల్‌కు తెస్తుంటారు.

లీవర్ బిగుసుకున్నప్పుడు తప్పు ఎక్కడుందో తేల్చడం కష్టం కాదు. ఇంజన్ ఆపి, ఇంజన్ వైపు కేబుల్ కొనను విప్పాలి. ఇప్పుడూ లీవర్ గట్టిగానే ఉంటే లోపం కేబుల్‌లోనో లీవర్ పెట్టెలోనో ఉంది. తేలిగ్గా కదిలితే ఇంజన్ వైపు చూడాలి.

న్యూట్రల్: 'డైరెక్ట్' చేయకూడని వైరు

గేరులో ఉన్న ఇంజన్ స్టార్టు కాకూడదు. ఇది మొత్తం ఎంపికలో రాజీ పడకూడని ఒకే ఒక్క విషయం. లీవర్ ముందుకు ఉండగా తాళం తిప్పితే పడవ ఒక్కసారిగా దూకుతుంది. నిలబడి ఉన్నవారు నీళ్లలో పడతారు. రేవు దగ్గర నీళ్లలో దిగి పడవను పట్టుకున్న కుర్రాడికి ప్రొపెల్లర్ ఎంత దూరంలో ఉంటుందో చూసినవారికి తెలుసు. ఈ రక్షణకే ప్రత్యేకంగా ఐఎస్ఓ 11547 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. తాడు లాగి స్టార్టు చేసే చిన్న మోటార్లలో మోటారులోనే అడ్డు ఉంటుంది. తాళంతో స్టార్టయ్యే వాటిలో రిమోట్ కంట్రోలు పెట్టెలో ఒక న్యూట్రల్ స్విచ్చు ఉంటుంది.

సమస్య ఇక్కడే వస్తుంది. వేరే కంపెనీ లీవర్ బిగించినప్పుడు కేబుళ్లు కలుస్తాయి, పడవ నడుస్తుంది. న్యూట్రల్ స్విచ్చు వైరు మాత్రం ఇంజన్ వైరింగుతో కలవదు. లేదా కొంత కాలానికి ఆ స్విచ్చు ఉప్పుకు పాడై ఇంజన్ స్టార్టు కాదు. మెకానిక్కు తొందర, యజమానికి బేరం పోతుందన్న భయం. రెండు వైర్లు కలిపేసి 'డైరెక్ట్ చేసేశాం' అంటారు. ఆ రోజు నుంచి పడవ బాగానే స్టార్టవుతుంది, గేరులో ఉన్నప్పుడు కూడా. స్విచ్చు కొత్తది వేయించడానికి అయ్యే ఖర్చు ఆ పడవలో చేసే అన్ని ఖర్చుల్లోకీ చిన్నది.

లీవర్ పిడి కింద ఒక చిన్న తాళం మీట ఉన్న రకాన్ని ఎంచుకోవడం కూడా జనం ఎక్కే పడవలకు అవసరం. ఆ మీటను వేలితో ఎత్తితే తప్ప లీవర్ న్యూట్రల్ నుంచి కదలదు. ఎక్కేవారి సంచి పట్టీ తగిలినా, పిల్లవాడు ఊరికే లాగినా గేరు పడదు. కన్సోల్ పైన నిలువుగా నిలిచే లీవర్లు చూడటానికి బాగుంటాయి కానీ దారికి అడ్డంగా ఉంటే ఇలాంటివి ఎక్కువ తగులుతాయి. చిన్న పడవల్లో పక్క గోడకు బిగించే రకం ఒద్దికగా ఉంటుంది. మోటారుకు కరెంటుతో పైకి లేచే టిల్ట్ ఉంటే దాని స్విచ్చు లీవర్ పిడిలోనే ఉండాలి. బురద తగిలినప్పుడు గేరు చెయ్యి తీయకుండానే మోటారును ఎత్తగలగాలి.

ఎమర్జెన్సీ తాడు కూడా ఈ పెట్టెలో భాగమే. నడిపేవారి చేతికో, లైఫ్ జాకెట్టుకో తగిలించే ఎర్రటి తాడు అది. మనిషి పడిపోతే తాడు ఊడుతుంది, ఇంజన్ ఆగుతుంది. అమెరికాలో 26 అడుగుల లోపు మోటారు పడవలు నడిపేవారు, ఇంజన్ సుమారు మూడు హార్స్‌పవర్ దాటితే, ఈ తాడును తగిలించుకోవడాన్ని 2021 ఏప్రిల్ 1 నుంచి తప్పనిసరి చేశారు. మన దగ్గర పడవతో పాటు వచ్చిన తాడు తరచూ తాళం గుత్తికి వేలాడుతూ కనిపిస్తుంది. డీజిల్ ఇంజన్లలో ఇంకో సంగతి ఉంది. మెకానికల్ పంపు ఉన్న పాత డీజిళ్లు తాళం తీసినా ఆగకపోవచ్చు. వాటికి ఆపే లీవరో, సోలనాయిడో విడిగా ఉండాలి, అది నడిపేవారి చేతికి అందాలి. థ్రాటిల్ కేబుల్ తెగితే ఇంజన్ ఏ వేగంలో ఉందో అక్కడే ఉండిపోవచ్చు. అప్పుడు మిగిలేది ఆ ఆపే లీవర్ ఒక్కటే.

ఎలక్ట్రానిక్ లీవర్ ఎవరికి?

పెద్ద ఔట్‌బోర్డ్‌లలో ఇప్పుడు కేబుల్ బదులు వైరు వెళ్తోంది. లీవర్ ఒక సంకేతం పంపుతుంది, ఇంజన్ దగ్గరి కంప్యూటర్ గేరు మారుస్తుంది. లీవర్ వేలితో కదిలేంత తేలిక. రెండు మూడు ఇంజన్లను ఒకే వేగంలో కలిపి నడపడం, పైన ఒక చోటు, కింద ఒక చోటు నుంచి నడపడం దీనితో సులువు. ఇంజన్ పెరిగి ఉండగా రివర్స్ లాగినా వేగం తగ్గాకే గేరు పడేలా అది చూసుకుంటుంది. వీటికీ ఐఎస్ఓ 25197 అనే ప్రమాణం ఉంది.

ఒక ఇంజన్, ఒక స్టీరింగు ఉన్న షికారు పడవకు ఇవేవీ అవసరం లేదు. పైగా కేబుల్‌తో నడిచేలా తయారైన ఇంజన్‌కు ఎలక్ట్రానిక్ లీవర్ నేరుగా తగలదు, మధ్యలో అదనపు మోటార్లు పెట్టాలి. బ్యాటరీ బలహీనపడితే గేరు మీదే అనుమానం వస్తుంది. ఉప్పు గాలిలో ఒక కనెక్టర్ పచ్చబడితే దాన్ని కనిపెట్టడానికి కంప్యూటర్‌తో మనిషి రావాలి. తెగిన కేబుల్‌ను రేవు పక్కనే ఉన్న మెకానిక్ పూటలో మార్చగలడు. ఎంపికలో ఇది చిన్న విషయం కాదు.

కరెంటు పడవల లెక్క వేరు. 2017 జనవరిలో కేరళలో వైకోం, తవణక్కడవు మధ్య మొదలైన సౌర పడవ 'ఆదిత్య' వంటి వాటిలో మోటారు దిశ మారితే చాలు, రివర్స్ వస్తుంది. గేరుబాక్సుకు కేబుల్ అక్కర్లేదు. మడ అడవుల్లో చప్పుడు లేకుండా తిరగాలనుకునేవారు ఎలక్ట్రానిక్ లీవర్ గురించి ఆలోచించాల్సింది ఇక్కడే. ఆ పడవలకు అది సహజంగా అమరుతుంది.

బిగించాక రేవులోనే పరీక్ష

కొత్త కంట్రోలు బిగించిన రోజే జనాన్ని ఎక్కించకూడదు. పడవను రేవుకు ముందూ వెనుకా గట్టి తాళ్లతో కట్టాలి. మొదట ఇంజన్ ఆపి ఉండగా, వెనుక ఒకరు ఇంజన్ చేయిని చూస్తుండగా లీవర్‌ను న్యూట్రల్, ముందుకు, న్యూట్రల్, వెనక్కు నెమ్మదిగా కదపాలి. ఔట్‌బోర్డ్‌లలో ప్రొపెల్లర్ తిరగకుండా గేరు పడటం మొరాయించవచ్చు. అప్పుడు ఇంకొకరు తాళం తీసేసిన మోటారు ప్రొపెల్లర్‌ను చేత్తో కొంచెం తిప్పాలి. గేరుబాక్సు చేయి రెండు వైపులా చివరి వరకు వెళ్తోందా అన్నది చూడాలి. న్యూట్రల్‌లో ప్రొపెల్లర్ స్వేచ్ఛగా తిరగాలి. తర్వాత లీవర్‌ను గేరులో ఉంచి తాళం తిప్పాలి. స్టార్టు కాకూడదు. స్టార్టయితే అక్కడితో పరీక్ష ఆపి వైరింగు సరిచేయాలి. ఎర్ర తాడు లాగి ఇంజన్ ఆగుతోందో లేదో చూడాలి. ఆ తర్వాతే నీటిలో నడిపి చూడటం.

నీటిలో చూడాల్సింది వేగం కాదు. న్యూట్రల్‌కు తెచ్చినప్పుడు చేతికి 'టక్'మని స్పష్టంగా తెలుస్తోందా? చూపు తీయకుండానే న్యూట్రల్ ఎక్కడుందో చేతికి దొరుకుతోందా? మామూలు వేగంలో లీవర్‌ను వదిలేస్తే ఇంజన్ కంపనానికి అది వెనక్కు జారుతోందా? జారితే బిగించడానికి ఒక స్క్రూ ఉంటుంది. గేరు మాత్రం మెల్లగా నొక్కి వేయకూడదు. ఐడిల్‌కు తెచ్చి, న్యూట్రల్‌లో ఒక్క క్షణం ఆగి, గట్టిగా ఒకేసారి వేయాలి. మెల్లగా వేస్తే డాగ్ క్లచ్చు పళ్లు ఒరుసుకుంటాయి.

అద్దెకు తిప్పే పడవలో ఇలాంటి మార్పులు చేసేటప్పుడు సర్వే అధికారులకు చెప్పి చేయడం మంచిది. 1917 చట్టం స్థానంలో వచ్చిన 2021 అంతర్దేశీయ నౌకల చట్టం కింద నమోదు, సర్వే ఉన్నాయి. బీమా కంపెనీ కూడా ప్రమాదం తర్వాత అడిగే మొదటి ప్రశ్నల్లో పడవలో ఏమేం మార్చారన్నది ఒకటి.

పడవలో ఎప్పుడూ ఒక గేరు కేబుల్ అదనంగా ఉండాలి, సరైన పొడవుది, సరైన కొనలది. దాన్ని మడవకుండా పెద్ద చుట్టగా ముందు అరలో పెట్టాలి. దాన్ని మార్చడానికి కావాల్సిన స్పానర్లు, కొన పిన్నులు ఒక డబ్బాలో దాని పక్కనే ఉండాలి. నది మధ్యలో కేబుల్ తెగితే లంగరు వేసి, ఇంజన్ ఆపి, మూత తీసి గేరు చేయిని చేత్తోనే ఫార్వర్డ్‌లో పెట్టుకుని నెమ్మదిగా ఒడ్డుకు రావచ్చు. అప్పుడు గేరులోనే స్టార్టు చేయాల్సి వస్తుంది కాబట్టి ప్రయాణికులందరినీ కూర్చోబెట్టాలి. ఒకరు వెనుక ఇంజన్ దగ్గర ఉండాలి, ఒకరు ముందు చుక్కాని దగ్గర. ఏ మాటకు ఏం చేయాలో ఇద్దరూ ముందే అనుకుని బయల్దేరాలి.